కొప్పున్న కాసు

నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక తగిలింది. ఇటుకల కింద కుండ, కుండలో రోమన్ బంగారం. మూసలో కరిగిపోగా మిగిలింది ముప్ఫై చిల్లర కాసులు. ఆ కథ మొదలుపెట్టాల్సిన చోటు మాత్రం మదురై సీమలోని తిరుమంగళం.

మాంగల్యం చేసిన ఊరు

మదురై నుంచి విరుదునగర్ దారి పడితే ఇరవై కిలోమీటర్లలో తిరుమంగళం. ఊరి పేరుకు అక్కడివాళ్లు చెప్పుకునే కథ బంగారంతోనే మొదలవుతుంది. మీనాక్షమ్మ పెళ్లికి తిరుమాంగల్యం చేసిచ్చింది ఈ ఊరి కంసాలులేనట. ఆ తిరుమాంగల్యమే నోళ్లలో నలిగి తిరుమంగళం అయిందట.

ఇక్కడి పల్లెల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చింది 1529లో. ఆ తర్వాత రాజ్యాన్ని 72 పాళెయాలుగా పంచారు. ఆ నాయకుల కాలంలో కమ్మ నాయుళ్లు, రెడ్లు, కంబళత్తు నాయకులు దక్షిణానికి వచ్చి నల్లరేగడి నేలల్లో కుదురుకున్నారు. కోయంబత్తూరు వైపూ అంతే. తరాలు గడిచేసరికి చాలామందికి తెలుగు అక్షరం దూరమైంది. మాట మాత్రం వంటింట్లో నిలిచింది. అమ్మను అమ్మ అనీ, నాన్నను నాయన అనీ పిలుచుకుంటూనే ఉన్నారు.

మాటతో పాటు నిలిచింది ఇంకొకటి ఉంది, కాసులపేరు. తమిళులు కాసుమాలై అంటారు. కాసు అన్న మాట రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. నాణేన్ని డబ్బుగా ఖర్చుపెట్టకుండా కొక్కెం అతికించి మెడలో వేసుకోవడం మన ఆడవాళ్లకు ఎంత పాత అలవాటో చెప్పలేం. ఆ అలవాటుకు దొరికిన సాక్ష్యాల్లో ఒకటి నెల్లూరు కుండలో బయటపడింది.

కాసులపేరుకు ఒక ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. కూతురి పెళ్లి వస్తుంది, లేదా తాకట్టులో ఉన్న పొలం విడిపించాల్సి వస్తుంది. పేరు తెగుతుంది. కాసులు త్రాసు ఎక్కుతాయి, అక్కణ్నుంచి మూసలోకి దిగుతాయి. ఆ క్షణంలో కాసు మీద ఎవరి బొమ్మ ఉందో చూసేవాళ్లు అరుదు. నేను చెప్పబోయేది ఆ క్షణం గురించే.

నాగలి ఆగిన చోటు

1786 ప్రాంతం. ఆర్కాటు నవాబుల కర్ణాటక దేశం ఇంకా యుద్ధపు గాయాలతోనే ఉంది. 1780లో హైదర్ అలీ సేనలు కనుమలు దిగి వచ్చి ఊళ్లకు ఊళ్లు కాల్చాయి. 1784లో మంగళూరు సంధి కుదిరింది గానీ పాడుపడిన చేలు ఒక సంధితో పచ్చబడవు. నెల్లూరు సీమ అప్పుడు ఆర్కాటు నవాబు వాలాజా మహమ్మద్ అలీ ఏలుబడిలో ఉంది. శిస్తు కట్టాలి. మంచి నేల లేనివాడు గుట్టల వాలు కూడా దున్నాలి.

అలాంటి ఒక రైతు నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట వాలు మీద అరక కట్టాడు. ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ రోజు మాటలు నేను ఊహించి కూర్చినవి, భార్య కూడా నా ఊహే. నాగలికి ఇటుక తగలడం, గుడి, కుండ, కాసులు, ఆ తర్వాత జరిగిందీ మాత్రం చరిత్రలో నమోదైనవే.

నాగలి కర్రు దేనికో తట్టుకుంది. ఎడ్లు మెడలు వంచి లాగినా కదల్లేదు. రాయే అనుకున్నాడు. ఆ గుట్ట మీద రాయి కాక మరేముంటుంది? వంగి మట్టి తీశాడు. కింద ఎర్రగా, చదునుగా, అంచు తేలి ఇటుక కనపడింది.

"ఇటికే! ఈ గుట్టమింద ఇటికెవురు పెట్టారే?"

గట్టు మీద సంగటి ముంత దించుతున్న భార్య వచ్చి చూసింది. ఒక ఇటుక పక్కన మరొకటి, దాని కింద ఇంకొక వరస.

"గుడి మాదిరుండాది. గడ్డపార వెయ్యబాకయ్యా."

వేశాడు. శిస్తు కట్టాల్సినవాడి చెయ్యి ఆగదు. తవ్వగా తవ్వగా ఒక చిన్న గుడి పునాదులు బయటపడ్డాయి. వాటి అడుగున ఒక చిన్న కుండ ఉంది. మూతి మీద పేరుకున్న మన్ను రాల్చి లోపల చెయ్యి పెట్టాడు. గుప్పిట తెరిచేసరికి ఇద్దరికీ మాట రాలేదు.

బంగారం ఎన్నాళ్లు మట్టిలో ఉన్నా తుప్పు పట్టదు. వెండి నల్లబడుతుంది, రాగి పచ్చబడుతుంది, ఇనుము పొలుసులుగా రాలిపోతుంది. బంగారం మాత్రం దాచినవాడు ఎలా దాచాడో అలాగే తిరిగొస్తుంది. ఆ కుండలోని కాసుల్లో కొన్ని టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టున్నాయి. ఒక్క చేతి నుంచి మరో చేతికి మారిన అరుగుదల కూడా లేదు. మరికొన్ని బాగా అరిగి ఉన్నాయి. వాటికి చిల్లులు పొడిచి ఉన్నాయి.

ఆవిడ ఒక కాసు తీసి కొంగుతో తుడిచింది.

"ఇది చూడు. ఆడమనిషి. కొప్పు ఎంత పొందిగ్గా చుట్టుకోనుండాదో!"

"లచ్చిందేవేమో."

"లచ్చిందేవైతే చేతిలో పువ్వుండాల గదా. ఈమె ఎవురో మన మాదిరి ఆడదే. ఇది అమ్మబాక."

ఆయన జవాబు చెప్పలేదు. భూమిలో దొరికిన సొమ్ము సర్కారుకు తెలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. తెలియకముందే అది బియ్యంగా, ఎడ్లుగా, శిస్తుగా మారిపోవాలి.

గీటురాయి చెప్పింది, చెప్పనిది

కంసాలి ఆ కాసును గీటురాయి మీద గీశాడు. ఒకటికి రెండుసార్లు గీశాడు.

"వన్నె బాగుండాదే! పదారు వన్నె. ఏ దేశం వరహాలన్నా ఇయ్యి?"

"నాకేం దెలుసు ఆచారీ. తూకానికి తీసుకో."

త్రాసు వేశాడు. అప్పటి వరహా మూడున్నర గ్రాముల లోపు ఉండేది. ఈ కాసు ఏడు గ్రాముల పైచిలుకు, అంటే ఒక్కటి రెండు వరహాలకు పైనే తూగుతుంది. వరహాలో కొంత కల్తీ ఉంటుంది, ఇందులో దాదాపు లేనే లేదు. కంసాలికి అంతకు మించి తెలుసుకోవాల్సిన పని లేదు. గీటురాయి వన్నె చెబుతుంది, త్రాసు బరువు చెబుతుంది. బొమ్మ ఎవరిదో, అంచున చీమలబారులా సాగిన ఆ అక్షరాలు ఏమంటున్నాయో చెప్పే పనిముట్టు ఆయన పెట్టెలో లేదు.

కుంపటి రాజుకుంది. ఊదుగొట్టం కంసాలి పెదవులకు చేరింది. మూసలో మొదట ముఖం అంచు మెత్తబడి ఉంటుంది. తర్వాత ముక్కు, ఆ తర్వాత అక్షరాలు. చివరికి పసుపుపచ్చని ముద్ద ఒక్కటే మిగిలి ఉంటుంది. రోము నగరంలో ఒక చెక్కుడుపనివాడు రోజుల తరబడి కూర్చుని అచ్చు మీద చెక్కిన ముఖం నెల్లూరు సీమలో కాసేపట్లో కరిగిపోయింది. అలా ఎన్ని కరిగాయో లెక్క లేదు.

ఆ కంసాలిని తప్పు పట్టలేను. అది ఆయన వృత్తి. ఆ రైతును అసలే తప్పు పట్టలేను. ఆ కుండ ఆయన ఇంటిని నిలబెట్టి ఉంటుంది. కానీ ఏం పోయిందో చెప్పుకోవాలి.

ముప్ఫై చిల్లర

బంగారం కబురు దాగలేదు. నవాబు రెండో కొడుకు అమీర్ ఉల్ ఉమరా దాకా వెళ్లింది. తండ్రి దర్బారులో ఆయన మాటకు తిరుగులేని రోజులవి. ఆయన ఆరా తీయించి, కరగకుండా మిగిలిన కాసులు తిరిగి రాబట్టించాడు. ముప్ఫైకి పైగా దొరికాయి.

అప్పుడు మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్. మెకార్ట్నీ ప్రభువు వెళ్లిపోయాక 1785 జూన్ నుంచి 1786 ఏప్రిల్ దాకా, ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ వచ్చేవరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆ కాసులన్నిటిలోంచి తనకు నచ్చిన రెండు ఏరుకునే అవకాశం ఆయనకు దక్కింది.

ముందున్నవి రెండో శతాబ్దపు కాసులు. ట్రాజన్ చక్రవర్తివి కొన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన 98 నుంచి 117 దాకా రోమును ఏలాడు. ఆయన తర్వాత 138 దాకా ఏలినవాడు హేడ్రియన్. బ్రిటన్ ఉత్తరాన గోడ కట్టించింది ఆయనే. డేవిడ్సన్ మొదట హేడ్రియన్ కాసు తీసుకున్నాడు. రెండోదానికి మరో చక్రవర్తిని ఎంచుకోలేదు. ఫౌస్టీనా కాసు తీసుకున్నాడు.

రోము చరిత్రలో ఆ పేరుతో ఇద్దరు రాణులున్నారు. తల్లి ఆంటొనైనస్ పయస్ భార్య, కూతురు మార్కస్ ఆరీలియస్ భార్య. తల్లి జడలను నడినెత్తిన చుట్టుకుంటుంది, కూతురు వెనక్కి ముడి వేసుకుంటుంది. ఎవరి కాసైనా చూడగానే కనపడేది కొప్పే. గట్టు మీద ఆ ఇల్లాలిని నా ఊహలో నిలబెట్టింది ఈ కాసే. కుండ దొరికినచోట ఎవరో ఒకరు ఆ కొప్పు చూసి తప్పకుండా ఆగి ఉంటారు. చెన్నపట్నంలో ఒక గవర్నరు చెయ్యి కూడా దాని దగ్గరే ఆగింది.

1787 జులై 12న డేవిడ్సన్ మద్రాసు నుంచి ఒక ఉత్తరం రాశాడు. నాగలి, ఇటుకలు, గుడి, కుండ, పాత బంగారం కింద అమ్ముడుపోయిన కాసులు, మూసలో పోయినవి, నవాబు కొడుకు రాబట్టినవి, తాను ఏరుకున్న రెండూ అన్నీ అందులో చెప్పాడు. విలియం జోన్స్ 1784లో కలకత్తాలో స్థాపించిన ఆసియాటిక్ సొసైటీ తన పరిశోధనల రెండో సంపుటంలో ఆ ఉత్తరాన్ని అచ్చు వేసింది. మన దేశంలో రోమన్ కాసులు దొరికిన సంగతి అచ్చులోకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అది మన తెలుగు నేల మీది సంగతి.

చిల్లులు ఎవరు పొడిచారు?

డేవిడ్సన్ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపేది చిల్లుల మాట. అరిగిన కాసులకు చిల్లులున్నాయని, వాటిని దండకడియం లాగా చేతికో, మెడలోనో వేసుకుని ఉంటారని ఆయన అనుకున్నాడు. మనకైతే అనుకోవాల్సిన అవసరం కూడా లేదు. అది కాసులపేరు.

ఈ బంగారం వచ్చిన దారి తలుచుకోండి. రోములో టంకం పడి, అలెగ్జాండ్రియా చేరి, నైలు నది మీదుగా, ఎడారి దాటి ఎర్రసముద్రం రేవులకు వస్తుంది. అక్కడ ఓడ ఎక్కి, నైరుతి గాలి పట్టుకుని మన తీరానికి. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు బట్టలు, వైడూర్యాలు తిరుగు ఓడలో వెళ్తాయి. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల చేతిపుస్తకం 'పెరిప్లస్' మన మసూలా (మచిలీపట్నం) సీమను పేరుపెట్టి చెప్పి, అక్కడ సన్నబట్ట పుష్కలమని రాసింది. ఇండియా ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోములో ప్లినీ వాపోయాడు. ఒక బంగారు కాసుకు వంద సెస్టర్సులు. అంటే ఏడాదికి అయిదు లక్షల బంగారు కాసులకు సమానమైన సొమ్ము!

అప్పుడు ఈ నేలను ఏలినవాళ్లు శాతవాహనులు. వాళ్లు సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహం, వెండి నాణేలు వేశారు. తూర్పు తీరంలో దొరికిన వాళ్ల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. బంగారు నాణెం మాత్రం వేయలేదు. కనుక రోము కాసు ఇక్కడ సంతలో చిల్లరగా తిరగలేదు. తూకం బంగారంగా దాచారు, నగగా వేసుకున్నారు.

రోము వెండి నాణెం దెనారియస్ పేరు మన భాషల్లో దీనారమైంది. నాగార్జునకొండలో ఉజ్జయిని రాజకుమార్తె, ఇక్ష్వాకుల మహాదేవి రుద్రధర భట్టారిక శాసనం ఉంది. ఒక స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు అందులో ఉంది. వెయ్యేళ్ల పైచిలుకు తర్వాత విజయనగరంలో శ్రీనాథుడికి కనకాభిషేకం చేసినప్పుడు పోసినవి దీనార టంకాలు. కాసు కరిగిపోయినా పేరు మన నాలుక మీద మిగిలింది.

కుండలు, నాగళ్లు, గాట్లు

ఇప్పుడు తిరిగి దక్షిణానికి, మన తెలుగువాళ్లు స్థిరపడిన కోయంబత్తూరు, మదురై సీమలకు వద్దాం. మలబారు రేవుల నుంచి పాలక్కాడు కనుమ గుండా తూర్పుకు వచ్చే బాట ఈ సీమ మీదుగానే సాగింది. కాంగేయం దగ్గర పడియూరులో వైడూర్యాల గని ఉండేది. రోము సంపన్నులకు ఆ పచ్చరాయి అంటే మోజు. అందుకే ఈ బాట వెంట కుండలకు కుండలు దొరికాయి. 1800లో పొల్లాచ్చి దగ్గర ఒక కుండ. 1842లో నొయ్యల్ నది ఒడ్డున వెళ్లలూరులో 522 వెండి నాణేలు, ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. అదే వెళ్లలూరులో 1891లో మళ్లీ 180. 1856లో మదురై జిల్లా పళని తాలూకా కలియంపుత్తూరులో 63 బంగారు కాసులు.

1847లో మలబారులో కన్ననూరు దగ్గర కోట్టయంలో బంగారు కాసులు వందల్లో బయటపడ్డాయి. దొరికినవాళ్లు చాలాకాలం గుట్టుగా అమ్ముకున్నారు. తిరువాన్కూరు మహారాజు కొన్నవి నిలిచాయి, 1851లో హెబర్ డ్రూరీ వాటికి జాబితా రాశాడు. 1898లో పుదుక్కోట సంస్థానంలో కరుక్కాకురిచ్చి దగ్గర దొరికిన కుండలో 501 బంగారు కాసులు. వాటిలో నూటికి తొంభైకి పైగా కాసుల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. నాణెంగా దాన్ని చెల్లకుండా చేయడానికి పెట్టిన గాటు అది. అరిగి తేలికైన కాసుకు ఇక బంగారం విలువే గానీ రాజముద్ర విలువ లేదని ఎవరో తేల్చారు. ముద్దగా చేసేముందు పెట్టిన గుర్తు కావచ్చు. ఏ కారణం చేతనో మూస దాకా వెళ్లలేదు. కుండలోనే ఆగిపోయాయి.

నెల్లూరులో చిల్లు, పుదుక్కోటలో గాటు. రెండూ మన పూర్వులు ఆ పరాయి ముఖంతో ఏం చేశారో చెప్పే గుర్తులే. ఒకచోట దాన్ని మెడలో వేసుకున్నారు, ఇంకోచోట కొట్టేశారు. కరిగించి ఉంటే ఈ రెండు కథలూ మనకు లేవు.

వైగై ఇసుక

పందొమ్మిదో శతాబ్దం చివర్లో తిరుమంగళంలో నాణేలను తూకానికి కాక చదవడానికి చేతిలోకి తీసుకునే మనిషి ఒకడుండేవాడు. అమెరికన్ మదురా మిషన్ పాదిరీ జె.ఇ. ట్రేసీ. ఆ మిషన్ మదురైకి వచ్చింది 1834లో, తిరుమంగళంలో 1842లో ఒక పాఠశాల పెట్టింది. ట్రేసీ మనసు పాండ్యుల నాణేల మీద పడింది. 1887-88 సంవత్సరాల 'మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్'లో వాటి మీద వ్యాసం రాశాడు. దక్షిణాదిలో నాణేలు సేకరించేవాళ్లకు దారి చూపే పుస్తకాన్ని టఫ్‌నెల్ అచ్చువేసింది 1889లో. మద్రాసు మ్యూజియంలో ఎడ్గార్ థర్స్టన్ రోమన్ నాణేల జాబితాలు తయారు చేస్తున్న కాలం కూడా అదే.

వరద తీసిన తర్వాత మదురైలో వైగై ఇసుకలో చిన్న చిన్న రాగి నాణేలు తేలేవి. బాగా అరిగి, చింతగింజంత ఉండేవి. వాటిలో కొన్ని నాలుగో శతాబ్దం చివరి రోమన్ చక్రవర్తులు ఆర్కేడియస్, హొనోరియస్ కాలంవి. కరిగిస్తే కాసంత రాగి కూడా రాదు. ఇసుకలో దొరికిన ఆ కాసులను కూడా చదవాల్సినవిగా తీసుకున్నారు కనుక మదురై చరిత్రలో ఒక కొత్త పుట చేరింది. బంగారు కాసులు వచ్చిన రోజులకు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా రోము చిల్లర ఈ బజారులో తిరిగిందని తెలిసింది.

ఇలా దొరికినవాటన్నిటినీ 1904లో ఒక్కచోట గుదిగుచ్చినవాడు రాబర్ట్ స్యూయెల్. మన పాఠకులకు ఆయన విజయనగర చరిత్ర రాసినవాడిగా తెలుసు. ఆయన పట్టికలో ఒక తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కోయంబత్తూరు, మదురై కుండల్లో ఎక్కువగా ఒకటో శతాబ్దపు చక్రవర్తులు. తెలుగు నేలలో మాత్రం రెండో శతాబ్దం వాళ్లు, ఆ తర్వాతివాళ్లు కూడా ఉన్నారు. 1889లో వినుకొండలో దొరికిన 15 బంగారు కాసుల్లో టైబీరియస్ మొదలు కరకల్లా దాకా ఉన్నారు. మిరియాల, వైడూర్యాల బేరం తగ్గుముఖం పట్టాక నూలుబట్టల బేరం మన తూర్పు తీరాన్ని నిలబెట్టిందని ఆ పట్టిక చెబుతోంది. నెల్లూరు కుండలోని ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా ఆ మాటకు మొదటి సాక్షులు. ఆ ముగ్గురూ కరిగిపోయి ఉంటే, మన మగ్గాల మీది బట్ట రోము దాకా నడిచిన బాటలో ఒక మైలురాయి తగ్గేది.

మళ్లీ అదే ముఖం

1954 నుంచి 1960 దాకా, సాగర్ నీళ్లు ముంచెత్తే లోగా, నాగార్జునకొండ లోయలో పురావస్తు శాఖ పెద్దయెత్తున తవ్వకాలు జరిపింది. అక్కడ రోమన్ బంగారు కాసులు బయటపడ్డాయి. ఒకటి టైబీరియస్‌ది. మరొకటి ఫౌస్టీనాది.

నెల్లూరు గుట్ట మీద దొరికిన రాణి పేరే కృష్ణ ఒడ్డున మళ్లీ దొరికింది. ఈసారి నాగలికి కాదు, తవ్వకాలు జరిపేవాళ్ల చేతికి. ఏ పొరలో ఉందో, పక్కన ఏముందో, ఏ గోడకు ఎంత దూరమో రాసుకున్నారు. మొదటి కాసు విషయంలో మనకు తెలిసింది ఒక గవర్నరు ఉత్తరంలో ఉన్నంతే. రెండో కాసు తన పరిసరాలన్నిటితో కలిసి వచ్చింది. కాసు ఒక్కటే దొరికితే సగం చరిత్ర. దాని కుండ, కింద మట్టి, పక్కన పెంకు కలిసి దొరికితేనే నిండు చరిత్ర. కాసులు సేకరించేవాళ్లు ఈ సంగతి అందరికన్నా ముందు గుర్తుంచుకోవాలి. చీకట్లో చేతులు మారిన కాసు ఎంత అందంగా ఉన్నా, పుట్టిల్లు చెప్పుకోలేని అనాథే.

చట్టం కూడా రైతు పక్షాన కొంత ఆలోచించింది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిక్షేపం దొరికితే కలెక్టరుకు చెప్పాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహం వెలకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. కంసాలి తూకానికి ఇచ్చేదానికన్నా ఎక్కువే. దాచిపెడితే మాత్రం వాటా పోతుంది, ఏడాది దాకా జైలూ పడవచ్చు. నెల్లూరు రైతు రోజుల్లో ఇలాంటి చట్టం లేదు. భయం ఒక్కటే ఉంది. ఇప్పుడు దారి ఉంది కనుక, దాన్ని మన పల్లెల్లో నలుగురికీ చెప్పడం మన బాధ్యత.

త్రాసు ఎక్కే ముందు

తిరుమంగళం నుంచి నెల్లూరు దాకా ఏ ఊరి నగల బజారుకు వెళ్లినా ఇవాళ పాత బంగారం కొంటామన్న బోర్డు కనపడుతుంది. లోపల గీటురాయి స్థానంలో వన్నె చూసే యంత్రం వచ్చింది. కుంపటి స్థానంలో కరెంటు కొలిమి వచ్చింది. కరిగించడం అప్పటికన్నా సులువు, అప్పటికన్నా వేగం. అవ్వల కాసులపేర్లు రోజూ ఆ గుమ్మం ఎక్కుతున్నాయి. వాటిలో చాలావరకు విక్టోరియా కాసులు, లక్ష్మీ కాసులు. రోము కాసు ఉండటం అరుదు. అయినా ప్రతి పేరులోనూ ఒక ఇంటి కథ ఉంటుంది. ఎవరి పెళ్లికి కొన్నారో, ఏ కరువులో ఎన్ని కాసులు తెగాయో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచి వచ్చిందో ఆ పేరుకు తెలుసు. తెలుగు లిపి మరిచిన మదురై సీమ ఇళ్లలో రాతలో లేని చరిత్ర కొంత ఆ కొక్కేలకు వేలాడుతోంది.

అమ్మొద్దని నేను చెప్పలేను. అవసరం ఎలాంటిదో అమ్మేవాళ్లకే తెలుసు, ఆ రైతుకు తెలిసినట్టు. అడిగేది ఒక్కటే. త్రాసు ఎక్కే ముందు కాసును అటూ ఇటూ తిప్పి చూడండి. రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టి అది ఎక్కడిదో అడిగి రాసుకోండి. బొమ్మ పరాయిదనిపిస్తే, అక్షరం చదవరాకపోతే, కొలిమి దగ్గరికి వెళ్లకుండా మ్యూజియం వాళ్లకు చూపించండి.

నెల్లూరు కుండలో ఎన్ని కాసులున్నాయో మనకు తెలియదు. కరిగినవి ఎవరి ముక్కుపుడకలుగానో, ఎవరి తాళిబొట్లుగానో తరాలు దాటి ఇప్పటికీ ఎక్కడో మెరుస్తూనే ఉండి ఉంటాయి. బంగారం పోలేదు. దాని మీద ఉన్న మనిషి పోయింది. ఆ ముప్ఫై చిల్లరలో మాత్రం ఒక ఆడమనిషి ముఖం నిలిచింది. దొరికినవాళ్లకు ఆమె దేశం తెలియదు, పేరు తెలియదు. అయినా కొప్పు బాగుందని ఒకరి చెయ్యి క్షణం ఆగింది. ఆ మాత్రం చాలింది.